భాగం – 9: వెన్నుపాములో మందుల జోడీ – జంతువుల్లో ఉజ్వలన నొప్పిపై పరస్పర చర్య

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• వాపుతో కూడిన నొప్పి వెన్నుపాములో ఎట్లా పెరుగుతుందో వివరించగలుగుతారు.
• వెన్నుపాములో పనిచేసే ముఖ్యమైన మందులను, అవి పనిచేసే చోట్లను గుర్తించగలుగుతారు.
• సంకలన చర్య, సహవర్ధక చర్య, విరోధ చర్యల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• పరస్పర చర్యా సూచికను స్వయంగా లెక్కించగలుగుతారు.
• ఒక మందుల జోడీ గురించి చేసిన ప్రకటన ఎంతవరకు రుజువైందో తేల్చుకోగలుగుతారు.

9.1 ప్రస్తావన

ఒక మందు మోతాదుకూ దాని ఫలితానికీ ఉన్న సంబంధాన్ని గత భాగంలో తెలుసుకున్నారు. రెండు మందులను కలిపి ఇచ్చినప్పుడు ఏమవుతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

పల్లెల్లో పశువులున్న ఇళ్లలో చాలామందికి తెలిసిన ఉదాహరణ ఒకటి తీసుకోండి. కామారెడ్డి జిల్లా బీబీపేట వంటి మండలంలో ఈనిన గేదెకు గర్భసంచి బయటకు జారిందనుకుందాం. పశువైద్యుడు ముందుగా దాని తోకను చేతిపంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడిస్తాడు. తోక మొదట్లో, ఎముకల మధ్య కదిలే చిన్న గుంత వేలికి తగులుతుంది. అక్కడ సూది గుచ్చి లిగ్నోకెయిన్ ఎక్కిస్తాడు. కొన్ని నిమిషాల్లో తోక వాలిపోతుంది, గేదె ముక్కడం ఆపుతుంది, గర్భసంచిని లోపలికి నెట్టడం వీలవుతుంది. కొన్ని సందర్భాల్లో లిగ్నోకెయిన్‌తో పాటు జైలజీన్ అనే మందును కూడా కలుపుతారు.

ఎందుకు కలుపుతారు? కలిపినందువల్ల వచ్చిన లాభం ఎంత? ఆ లాభం రెండు మందుల బలం కూడినంతేనా, అంతకంటే ఎక్కువా? “రెండూ కలిపితే బాగా పనిచేసింది” అన్న మాట ఈ ప్రశ్నలకు జవాబు కాదు. జవాబు రావాలంటే మోతాదులను కొలవాలి. ఈ భాగం సారమంతా ఆ కొలతలోనే ఉన్నది.

9.2 వాపు నొప్పి వెన్నుపాములో ఎట్లా పెరుగుతుంది?

కాలికి దెబ్బ తగిలి వాచినప్పుడు ఆ చోట ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. ఇవి సన్నని నొప్పి నాడీతంతువుల కొనలను సులభంగా రెచ్చిపోయేట్టు చేస్తాయి. వీటిలో రెండు రకాలున్నాయి. పలుచని మైలిన్ తొడుగు ఉన్న ఏ-డెల్టా తంతువులు చురుక్కుమనే నొప్పిని వేగంగా చేరవేస్తాయి. తొడుగు లేని సి-తంతువులు మంటనూ, సలుపునూ నెమ్మదిగా మోస్తాయి.

ఈ తంతువులు వెన్నుపాము వెనుక భాగంలోని పృష్ఠ శృంగానికి చేరి అక్కడి నాడీకణాలతో సంధి ఏర్పరుస్తాయి. ఆ సంధి వద్ద గ్లుటమేట్, సబ్‌స్టెన్స్-పి అనే నాడీ అభివాహకాలు విడుదలవుతాయి. సందేశం మెదడుకు వెళ్ళేముందు అదుపు చేయగల మొదటి తూము ఇదే. వెన్నుపాములోనే నొప్పి సందేశాన్ని తగ్గించే, పెంచే ‘ద్వారం’ ఉన్నదని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంలోని వివరాలు తరువాత మారినా మూల ఆలోచన నిలిచింది.

వాపు కొనసాగితే సి-తంతువుల నుంచి సందేశాలు ఆగకుండా వస్తాయి. అప్పుడు పృష్ఠ శృంగంలోని నాడీకణాలపై ఉన్న ఎన్‌ఎండీఏ గ్రాహకాలు తెరుచుకుని, కాల్షియం లోపలికి ప్రవేశిస్తుంది. ఆ నాడీకణం చిన్న సందేశానికి కూడా పెద్దగా స్పందించడం మొదలుపెడుతుంది. దీనిని కేంద్రీయ సంవేదనీకరణ అంటారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ దీనికి ప్రయోగపూర్వకమైన ఆధారం చూపారు. వాచిన చోటును మెల్లగా తాకినా నొప్పి పుట్టడానికి, చుట్టుపక్కల చర్మం కూడా నొప్పెట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మరోవైపు, మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగివచ్చే నాడీతంతువులు నార్‌అడ్రినలిన్, సెరటోనిన్‌లను విడుదల చేస్తాయి. నార్‌అడ్రినలిన్ ఇక్కడ ప్రధానంగా నొప్పిని అణచుతుంది. సెరటోనిన్ ఏ గ్రాహకంపై పనిచేసిందన్న దానిని బట్టి అణచవచ్చు, పెంచవచ్చు. అంటే నొప్పిని తగ్గించే ఏర్పాటు శరీరంలోనే ఉన్నది. వెన్నుపాములో వాడే మందుల్లో చాలావరకు ఈ సహజ ఏర్పాటునే వాడుకుంటాయి.

9.3 వెన్నుపాముకు మందు చేర్చడం

వెన్నుపాము చుట్టూ మూడు పొరలున్నాయి: వెలుపల వరాశిక, మధ్యలో లౌతికళ, లోపల మృద్వి. లౌతికళకూ మృద్వికీ మధ్య మస్తిష్కమేరు ద్రవం ఉంటుంది. మందును నేరుగా ఈ ద్రవంలోకి ఇస్తే అది అంతఃకవచ మార్గం (ఇంట్రాథీకల్). వరాశికకు వెలుపలే ఇస్తే అది అధివరాశిక మార్గం (ఎపిడ్యూరల్). గేదె తోక మొదట్లో ఇచ్చేది రెండో రకం. వెన్నుపాము అంత వెనుకకు రాదు కనుక అక్కడ సూది వల్ల దానికి గాయమయ్యే భయం తక్కువ.

1898లో ఆగస్ట్ బియర్ కొకెయిన్‌తో మనిషికి వెన్ను మత్తు ఇచ్చారు. 1976లో యాక్ష్, రూడీ ఎలుక వెన్నుపాము పక్కన సన్నని గొట్టాన్ని అమర్చి, మార్ఫిన్ అక్కడే నేరుగా పనిచేసి నొప్పిని తగ్గిస్తుందని చూపారు. మూడేళ్ళకే, 1979లో, క్యాన్సర్ రోగుల్లో అంతఃకవచ మార్ఫిన్ ఫలితాలు వెలువడ్డాయి. 1980లో హిల్డెన్, విల్‌కాక్స్ గొట్టం లేకుండానే చిట్టెలుకకు సూదితో మందు ఇచ్చే పద్ధతిని వివరించారు. చిట్టెలుకకు సాధారణంగా 5 మైక్రోలీటర్లు, ఎలుకకు 10 మైక్రోలీటర్లు ఇస్తారు. మందు పనిచేయవలసిన చోటే చేరుతుంది కనుక చాలా చిన్న మోతాదు చాలు.

9.4 ఏ మందు ఎక్కడ పనిచేస్తుంది?

మార్ఫిన్: మ్యూ-ఓపియాయిడ్ గ్రాహకాలపై పనిచేస్తుంది. సంధికి ముందున్న తంతువు కొనలో కాల్షియం మార్గాలను మూసి, అభివాహకం విడుదలను తగ్గిస్తుంది. సంధికి తరువాతి నాడీకణంలో పొటాషియం మార్గాలను తెరిచి, దానిని నెమ్మదింపజేస్తుంది.

క్లోనిడిన్, మెడెటొమిడిన్, జైలజీన్: ఇవి ఆల్ఫా-2 గ్రాహకాలపై పనిచేస్తాయి. దిగివచ్చే నార్‌అడ్రినలిన్ చేసే పనినే ఇవి చేస్తాయి.

కెటమిన్: ఎన్‌ఎండీఏ గ్రాహక మార్గాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి సంవేదనీకరణను తగ్గిస్తుంది.

కెటొరోలాక్ వంటి వాపు మందులు: ఇవి వాచిన చోట మాత్రమే పనిచేస్తాయని చాలాకాలం భావించారు. 1992లో మాల్మ్‌బెర్గ్, యాక్ష్ ఇవి వెన్నుపాములో కూడా ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి, పెరిగిన నొప్పిని తగ్గిస్తాయని చూపారు.

లిగ్నోకెయిన్: సోడియం మార్గాలను మూసి నాడీ సందేశాన్నే ఆపుతుంది. నొప్పితో పాటు స్పర్శ, కండరాల బలం కూడా పోతాయి. మోతాదు ఎక్కువైతే పశువు వెనుక కాళ్ళు నిలవక కూలబడేది ఇందుకే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. వాపు లేని చర్మం కూడా నొప్పెట్టడానికి వెన్నుపాములో జరిగే మార్పు ఏమిటి?
2. లిగ్నోకెయిన్‌కూ మార్ఫిన్‌కూ పనిచేసే తీరులో ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?

9.5 జంతువుల్లో వాపు నొప్పిని కొలవడం

జంతువు తన నొప్పిని మాటల్లో చెప్పలేదు. కాబట్టి దాని ప్రవర్తననే లెక్కించాలి.

ఫార్మలిన్ పరీక్ష: 1977లో డుబ్యూసన్, డెన్నిస్ ప్రవేశపెట్టారు. ఎలుక పాదంలోకి పలుచని ఫార్మలిన్ కొద్దిగా ఎక్కిస్తారు. అది పాదాన్ని విదిలించడం, నాకడం రెండు దశల్లో కనిపిస్తుంది. మొదటిది సుమారు తొలి 10 నిమిషాలు. కొద్ది విరామం తరువాత రెండోది దాదాపు గంట వరకు సాగుతుంది. మొదటి దశ నాడులు నేరుగా రెచ్చిపోవడం వల్ల వస్తుంది. రెండో దశలో వాపు, వెన్నుపాము సంవేదనీకరణ రెండూ పాల్గొంటాయి. అందుకే మొదటి దశను పెద్దగా తగ్గించని మందు కూడా రెండో దశను బాగా తగ్గించవచ్చు.

కారజీనన్ పరీక్ష: ఎర్ర సముద్ర నాచు నుంచి తీసిన ఈ పదార్థాన్ని 1962లో వింటర్, ఆయన సహచరులు పాదం వాపు పుట్టించడానికి వాడారు. కొన్ని గంటల్లో పాదం వాస్తుంది. 1988లో హార్‌గ్రీవ్స్ బృందం వివరించిన పద్ధతిలో అద్దం కింది నుంచి పాదంపై వేడి కాంతిని పడనిచ్చి, ఎన్ని సెకన్లకు పాదం తీస్తుందో కొలుస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కాళ్ళు చచ్చుబడిన ఎలుక కూడా పాదం తీయదు. మత్తులో జోగుతున్న ఎలుకా తీయదు. దీనిని నొప్పి తగ్గిందని లెక్కిస్తే పొరపాటే. కాబట్టి తిరిగే కడ్డీపై నిలబడగలుగుతుందా వంటి పరీక్షతో కండరాల బలాన్ని విడిగా చూడాలి.

9.6 మూడు రకాల పరస్పర చర్యలు

వరి నాట్ల కాలాన్ని ఊహించండి. ఒక మడిని ‘క’ అనే మనిషి ఒంటరిగా 10 గంటల్లో నాటుతుంది. ‘చ’ అనే మనిషికి అదే మడికి 40 గంటలు పడుతుంది. ‘క’ 5 గంటలు పనిచేస్తే సగం మడి, ‘చ’ 20 గంటలు పనిచేస్తే మిగిలిన సగం పూర్తవుతాయి. ఎవరి పని వారు చేశారు, ఎవరి వల్లా ఎవరికీ అదనపు లాభం లేదు. ఇది సంకలన చర్య.

ఇప్పుడు ఒకరు నారు పీకి కట్టలు అందిస్తుంటే మరొకరు నడుము ఎత్తకుండా నాటుకుంటూ పోయారు. ‘క’ 2 గంటలు, ‘చ’ 8 గంటలు పనిచేసేసరికే మడి పూర్తయింది. ఇది సహవర్ధక చర్య. దీనినే సినర్జీ అంటారు. ఒకరికొకరు అడ్డు తగిలి ‘క’కు 8, ‘చ’కు 32 గంటలు పట్టితే అది విరోధ చర్య.

గంటల స్థానంలో మోతాదులను పెట్టండి. సగం ఫలితం, అంటే 50 శాతం నొప్పి తగ్గింపు, ఇచ్చే మోతాదును ఈడీ-50 అంటారు. లెక్క ఇది:

పరస్పర చర్యా సూచిక = (జోడీలో ‘క’ మోతాదు ÷ ‘క’ ఒంటరి ఈడీ-50) + (జోడీలో ‘చ’ మోతాదు ÷ ‘చ’ ఒంటరి ఈడీ-50)

జోడీ మోతాదులు కూడా 50 శాతం ఫలితాన్ని ఇచ్చినవే అయి ఉండాలి. మన ఊహా ఉదాహరణలో ‘క’ ఈడీ-50 10 మైక్రోగ్రాములు, ‘చ’ ఈడీ-50 40 మైక్రోగ్రాములు అనుకుంటే:

• 5 + 20 అవసరమైతే: 0.5 + 0.5 = 1.0 (సంకలన చర్య)
• 2 + 8 చాలితే: 0.2 + 0.2 = 0.4 (సహవర్ధక చర్య)
• 8 + 32 అవసరమైతే: 0.8 + 0.8 = 1.6 (విరోధ చర్య)

గ్రాఫ్ కాగితం తీసుకుని దీనిని గీయండి. అడ్డగీతపై ‘క’కు 10 వద్ద, నిలువుగీతపై ‘చ’కు 40 వద్ద చుక్కలు పెట్టి సరళరేఖతో కలపండి. (5, 20) సరిగ్గా రేఖపై పడుతుంది. (2, 8) రేఖకు దిగువన, (8, 32) ఎగువన పడతాయి. ఈ రేఖాపటాన్ని ఐసోబోలోగ్రామ్ అంటారు. ఈ పద్ధతికి 1920ల్లో లోవె పునాది వేశారు. తరువాత టల్లరిడా దీనికి గణాంక పద్ధతులను జోడించి విస్తరించారు. చుక్క రేఖకు కొద్దిగా దిగువన ఉన్నంత మాత్రాన చాలదు. ప్రతి ఈడీ-50కి దోష పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని దాటి దిగువన ఉంటేనే సహవర్ధక చర్య అనాలి.

9.6.1 శాతాలను కూడడంలో ఉన్న ఉచ్చు

“‘క’ ఒంటరిగా 20 శాతం తగ్గించింది, ‘చ’ ఒంటరిగా 20 శాతం తగ్గించింది, రెండూ కలిస్తే 50 శాతం తగ్గించాయి. 20 + 20 = 40 కంటే ఎక్కువ కాబట్టి ఇది సహవర్ధక చర్య.” ఇట్లాంటి వాదన మీకు తరచుగా కనిపిస్తుంది. ఇది నిలవదు.

ఒకే మందును రెండు సీసాల్లో పోసి, ఒకదానికి ‘క’ అని, మరొకదానికి ‘చ’ అని పేరు పెట్టామనుకోండి. దాని ఈడీ-50 10 మైక్రోగ్రాములు. మోతాదు–ఫలితం వక్రరేఖ ‘ఎస్’ ఆకారంలో ఉంటుంది కనుక 5 మైక్రోగ్రాములకు 20 శాతమే రావచ్చు. రెండు సీసాల నుంచి చెరి 5 తీసుకుంటే మొత్తం 10. ఫలితం 50 శాతం. శాతాలను కూడితే తనతో తానే సహవర్ధక చర్య జరిపినట్టు కనిపిస్తుంది! మోతాదుల లెక్కలో మాత్రం 5/10 + 5/10 = 1.0, అంటే కేవలం సంకలనం. శాతాలను కాకుండా మోతాదులను ఎందుకు పోల్చాలో ఈ ఒక్క ఉదాహరణతో గుర్తుంచుకోండి.

9.6.2 గేదె ఉదాహరణకు అన్వయం

ఆవుల్లో లిగ్నోకెయిన్, జైలజీన్, వాటి జోడీలను తోక మొదట్లో ఇచ్చి పోల్చిన అధ్యయనం 2002లో వెలువడింది. లిగ్నోకెయిన్ సుమారు 5 నిమిషాల్లో పని మొదలుపెట్టి సుమారు 82 నిమిషాలు నిలిచింది. జైలజీన్ మొదలవడానికి సుమారు 12 నిమిషాలు పట్టింది, కానీ సుమారు 253 నిమిషాలు నిలిచింది. జోడీ సుమారు 5 నిమిషాల్లో మొదలై సుమారు 303 నిమిషాలు నిలిచింది.

జోడీ ఉపయోగకరమే: ఒకటి త్వరగా మొదలవుతుంది, మరొకటి ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఈ అంకెలు సహవర్ధక చర్యను రుజువు చేయవు. ఇక్కడ కొలిచింది కాలాన్ని. ఒకే ఫలితానికి కావలసిన మోతాదులను కాదు. పైగా ఇది శస్త్రచికిత్స కోసం ఇచ్చే మత్తు, వాపు నొప్పి పరీక్ష కాదు. ఉపయోగకరమైన జోడీ అంతా సహవర్ధకం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. ‘క’ ఈడీ-50 12, ‘చ’ ఈడీ-50 60 మైక్రోగ్రాములు. జోడీలో 3 + 15 మైక్రోగ్రాములతో 50 శాతం ఫలితం వచ్చింది. సూచిక ఎంత?
4. దోష పరిమితులు ఇవ్వకపోతే ఆ సూచికను బట్టి తుది నిర్ణయం చెప్పవచ్చా?

9.7 వెన్నుపాములో సహవర్ధక చర్య: కొన్ని ఆధారాలు

1993లో మాల్మ్‌బెర్గ్, యాక్ష్ ఫార్మలిన్ పరీక్షలో మార్ఫిన్, కెటొరోలాక్‌లను ఎలుకలకు అంతఃకవచ మార్గంలో ఇచ్చి ఐసోబోలోగ్రామ్‌తో విశ్లేషించారు. సంకలన రేఖ సూచించిన దానికంటే తక్కువ మోతాదులే సరిపోయాయి. మార్ఫిన్ అభివాహకం విడుదలను తగ్గిస్తుంది. కెటొరోలాక్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుంది. నారు పీకేవారు, నాటేవారిలా ఇవి పనిలోని వేర్వేరు మెట్లపై ఉన్నాయి.

1990లో అసిపోవ్ బృందం చేసిన పని మరో పాఠం నేర్పుతుంది. వారు ఓపియాయిడ్లను మెడెటొమిడిన్‌తో కలిపి వేడి నొప్పి పరీక్షలో చూశారు. రక్తం ద్వారా శరీరమంతటికీ ఇచ్చినప్పుడు సంకలన చర్యే కనిపించింది; వెన్నుపాములో ఇచ్చినప్పుడు సహవర్ధక చర్య కనిపించింది. మందులు అవే, జీవి అదే, మార్గం మాత్రమే మారింది. కాబట్టి “ఈ రెండు మందులు సహవర్ధకాలు” అనే వాక్యం అసంపూర్ణం. ఏ మార్గంలో, ఏ నిష్పత్తిలో, ఏ నొప్పి పరీక్షలో అన్నది కూడా చెప్పాలి.

1997లో స్టోన్ బృందం ఆల్ఫా-2ఏ గ్రాహకం సరిగా పనిచేయకుండా జన్యుమార్పు చేసిన చిట్టెలుకలను పరిశీలించింది. వాటిలో ఆల్ఫా-2 మందులకూ ఓపియాయిడ్లకూ మధ్య వెన్నుపాములో ఉండే సహవర్ధక చర్య కనిపించలేదు. ఈ జోడీ బలానికి ఆ ఒక్క గ్రాహకం అవసరమని దీనివల్ల తెలిసింది.

ఒక విషయాన్ని మరువకూడదు. ఒక మందు మరొక మందును అక్కడి నుంచి త్వరగా తొలగిపోనీయకపోతే కూడా ఫలితం పెరుగుతుంది. అడ్రినలిన్ రక్తనాళాలను కుదించి లిగ్నోకెయిన్‌ను ఎక్కువసేపు నిలుపుతుంది. ఇది గ్రాహకాల సహకారం కాదు, మందు నిల్వలో వచ్చిన మార్పు. పరిశోధకుడు ఈ రెండింటినీ వేరుచేయాలి.

9.8 ఈ లెక్క ఎవరికి అవసరం?

మొదట, రోగికి. మార్ఫిన్ మోతాదు పెరిగితే శ్వాస మందగించడం, దురద, మూత్రం ఆగడం వంటి ఇబ్బందులు వస్తాయి. క్లోనిడిన్ రక్తపోటును, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. చెడు ఫలితాలు వేర్వేరైతే జోడీలో రెండింటి మోతాదులూ తగ్గి రోగికి మేలు జరుగుతుంది. కానీ చెడు ఫలితాలు కూడా అదే నిష్పత్తిలో సహవర్ధకమైతే మనం సాధించింది ఏమీ లేదు. కాబట్టి నొప్పికి ఒక సూచిక, చెడు ఫలితానికి మరొక సూచిక కట్టి పోల్చాలి. ఓపియాయిడ్ ఒక్కటే సరిపోని తీవ్ర క్యాన్సర్ నొప్పికి, దానితో కలిపి అధివరాశిక మార్గంలో ఇవ్వడానికి అమెరికాలో 1996లో క్లోనిడిన్‌కు అనుమతి లభించింది.

రెండోది, జంతువుకు. ‘క’కు 4, ‘చ’కు 4, జోడీకి 4 మోతాదులు, ఒక్కొక్కదానికి 6 ఎలుకలు అనుకుంటే 72, మందు లేని పోలిక గుంపుతో 78. ప్రణాళిక తప్పితే ఈ 78 ప్రాణుల బాధా వృథా. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంఘం ఇట్లాంటి ప్రయోగాలను నియంత్రిస్తుంది. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం ముందుగా ఆమోదించాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల ప్రయోగ జంతువుల పెంపకమే ఒక ప్రత్యేక విభాగం. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలను మీరు గుర్తుంచుకోవాలి: వీలైతే జంతువుకు బదులు వేరే పద్ధతి వాడడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం.

మూడోది, మనకు. బీబీపేటలోనైనా హైదరాబాదులోనైనా మోకాలి నొప్పికి మందుల దుకాణానికి వెళితే రెండు మూడు మందులు కలిసిన మాత్ర చేతికి రావచ్చు. ఇట్లాంటి స్థిర మిశ్రమాల్లో 344 రకాలను కేంద్ర ప్రభుత్వం 2016 మార్చిలో నిషేధించింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పునఃపరిశీలన తరువాత 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలను నిషేధించారు. 2023 జూన్‌లో మరో 14 చేరాయి. నిమెసులైడ్, పారాసిటమాల్ కలిసిన నీటిలో కరిగే మాత్రలు వాటిలో ఉన్నాయి. వీటిని కలపడానికి తగిన చికిత్సా కారణం లేదన్నది నిషేధానికి చెప్పిన ముఖ్య ఆధారం. ఇవి వెన్నుపాములో ఇచ్చే మందులు కావు. అయినా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: కలిపినందువల్ల ఏ మోతాదు ఎంత తగ్గింది, ఏ హాని ఎంత తగ్గింది?

9.9 సారాంశం

వాపు నొప్పి వెన్నుపాము పృష్ఠ శృంగంలో సంవేదనీకరణ వల్ల పెరుగుతుంది. ఓపియాయిడ్లు, ఆల్ఫా-2 మందులు, ఎన్‌ఎండీఏ నిరోధకాలు, వాపు మందులు అక్కడ వేర్వేరు మెట్లపై పనిచేస్తాయి. రెండింటిని కలిపినప్పుడు వచ్చిన ఫలితాన్ని శాతాలు కూడి కాకుండా, ఒకే ఫలితానికి కావలసిన మోతాదులను పోల్చి నిర్ణయించాలి. సూచిక 1 అయితే సంకలనం, గణాంకపరంగా 1 కంటే తక్కువైతే సహవర్ధకం, ఎక్కువైతే విరోధం. ఈ నిర్ణయం ఆ మార్గానికి, ఆ నిష్పత్తికి, ఆ పరీక్షకు మాత్రమే వర్తిస్తుంది. చెడు ఫలితాలను కూడా కొలిచిన తరువాతే ఒక జోడీని మేలైనదని అనాలి.

9.10 ప్రగతి ప్రశ్నలకు జవాబులు

1. కేంద్రీయ సంవేదనీకరణ, ఎన్‌ఎండీఏ గ్రాహకాలు తెరుచుకుని పృష్ఠ శృంగ నాడీకణాలు అతిగా స్పందించడం.
2. లిగ్నోకెయిన్ సోడియం మార్గాలను మూసి స్పర్శను, కండర బలాన్ని కూడా ఆపుతుంది. మార్ఫిన్ మ్యూ-ఓపియాయిడ్ గ్రాహకాల ద్వారా ప్రధానంగా నొప్పి సందేశాన్నే తగ్గిస్తుంది.
3. 0.25 + 0.25 = 0.5.
4. చెప్పకూడదు. సహవర్ధక చర్యను సూచిస్తున్నదని మాత్రమే అనవచ్చు.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఐసోబోలోగ్రామ్‌ను ఊహా ఉదాహరణతో గీసి, మూడు రకాల పరస్పర చర్యలను వివరించండి.
2. వెన్నుపాములో నొప్పిని తగ్గించే మందులు, అవి పనిచేసే చోట్లను గురించి రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఫార్మలిన్ పరీక్షలోని రెండు దశలు.
2. శాతాలను కూడి సహవర్ధక చర్యను నిర్ణయించడం ఎందుకు తప్పు?
3. “ఉపయోగకరమైన జోడీ అంతా సహవర్ధకం కాదు” – పశువైద్యం నుంచి ఉదాహరణతో చర్చించండి.